రెండు నదుల ఊరు లియోన్: కాలినడకన చూడాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రాన్స్ వెళ్తున్నామని చెప్పే బంధువులు, స్నేహితులు లియోన్ గురించి నన్ను అడిగిన ప్రశ్నలివి. జవాబులు ఎవరికి వారికి విడివిడిగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు ఒకచోట పెడుతున్నాను.

అసలు లియోన్ ఎందుకు? పారిస్ చూస్తే చాలదా?

పారిస్‌లో చూడాల్సినవి ఎదురుగా నిలబడి కనిపిస్తాయి. లియోన్ అలా కాదు, సగం ఊరు తలుపుల వెనక ఉంటుంది. వీధిలోంచి చూస్తే మామూలు చెక్క తలుపు. తోసుకుని లోపలికి వెళ్తే సన్నటి చీకటి నడవ, దాని చివర ఆకాశం కనపడే ముంగిలి, గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్లే రాతి మెట్లు, అవతల ఇంకో తలుపు, ఆ తలుపు దాటితే మరో వీధి. బస్సులో కూర్చుంటే ఇదేమీ తెలియదు.

రోమన్లు క్రీ.పూ. 43లో ఇక్కడ కొండ మీద లుగ్డునుమ్ అనే ఊరు కట్టారు. క్లాడియస్ చక్రవర్తి పుట్టిన ఊరిదే. తర్వాతి కాలాల్లో జనం కొండ దిగి సోన్ నది ఒడ్డుకు చేరారు, ఆ తర్వాత రెండు నదుల మధ్యకు, ఆపైన రోన్ నదికి అవతల ఒడ్డుకు. పాతదాన్ని పడగొట్టి అదే చోట కొత్తది కట్టకుండా పక్కకు జరుగుతూ వచ్చారు కాబట్టి, పడమటి కొండ నుంచి తూర్పుకి నడుస్తూ పోతే రెండు వేల ఏళ్ల చరిత్ర వరసగా కాళ్ల కింద సాగుతుంది. 1998లో ఈ పాత భాగాలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడానికి ఒక కారణం ఇదే.

ఎన్ని రోజులు కావాలి?

మూడు రోజులు. రెండు రోజులే ఉంటే రెండు కొండలకు చెరొకటి ఇవ్వండి, మ్యూజియంలు వదిలేయండి. పారిస్ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతామనే వాళ్లకి నేను వద్దనే చెబుతాను. మొదటిసారి నేనూ అలాగే వచ్చాను. పెద్ద చర్చి, ఒక కూడలి, ఒక ఐస్‌క్రీమ్, అంతే. ఊరు చూశాననుకున్నాను. రెండోసారి నాలుగు రోజులు ఉన్నాక తెలిసింది, మొదటిసారి నేను దాటిపోయిన తలుపులెన్నో.

ఎలా చేరుకోవాలి? ఎక్కడ దిగాలి?

పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్ నుంచి టీజీవీ అనే అతివేగ రైల్లో సుమారు రెండు గంటలు. ఫ్రాన్స్‌లో మొట్టమొదటి టీజీవీ నడిచింది ఈ రెండు ఊళ్ల మధ్యే, 1981లో. ఎక్కువ రైళ్లు పార్ దియూ స్టేషన్‌లో ఆగుతాయి, కొన్ని పెరాష్ దాకా వెళ్తాయి. విమానంలో వస్తే విమానాశ్రయం నుంచి పార్ దియూకి రోన్ ఎక్స్‌ప్రెస్ ట్రామ్ ఉంది, అరగంట పడుతుంది.

పార్ దియూ ఆఫీసుల పేట. బస అక్కడ వద్దు. రెండు నదుల మధ్య నాలుకలా సాగిన నేలని ప్రెస్కిల్ అంటారు. అక్కడో, సోన్ ఒడ్డునున్న పాత లియోన్‌లోనో గది తీసుకుంటే మెట్రోతో పని తక్కువ. పాత లియోన్‌లో రాతి పలకలు పరిచిన వీధులు, వాటి మీద చక్రాల సూట్‌కేసు లాగడం కష్టం. వీపుకు తగిలించుకునే సంచీ అయితే మేలు.

నడక ఎక్కడ మొదలుపెట్టాలి?

పైనుంచి. ఈ ఒక్కమాట మర్చిపోవద్దు. లియోన్‌లో రెండు కొండలు: పడమట ఫుర్వియేర్, ఉత్తరాన క్రువా రూస్. మొదటిది ప్రార్థించే కొండ, రెండోది పనిచేసే కొండ అంటారు. ఒకదాని మీద చర్చిలు, మఠాలు, ఇంకోదాని మీద నేతగాళ్ల ఇళ్లు. రెంటికీ పైదాకా రైలుంది. ఎక్కడానికి రైలు, దిగడానికి కాళ్లు.

మొదటిరోజు పాత లియోన్ మెట్రో స్టేషన్ దగ్గర ఫ్యునిక్యులర్ ఎక్కండి. తాడుతో కొండ మీదికి లాగే రైలు కాబట్టి ఊరివాళ్లు దాన్ని 'ఫిసెల్' అని పిలుస్తారు, అంటే తాడు. పైన దిగగానే ఎదురుగా బసిలికా అనే తెల్లటి పెద్ద చర్చి. 1872లో కట్టడం మొదలుపెట్టారు. నాలుగు మూలలా నాలుగు బురుజులు లేచి ఉంటాయి కదా, దాన్ని ఊరివాళ్లు వెల్లకిలా పడుకున్న ఏనుగు అంటారు. లోపల గోడల నిండా బంగారు, నీలం రంగుల మొజాయిక్. దాని వెనక వసారాలోకి వెళ్తే ఊరంతా కాళ్ల దగ్గర పరుచుకుని ఉంటుంది: ఎర్ర పెంకుల కప్పులు, వాటి మధ్య సోన్, కాస్త అవతల రోన్, గాలి శుభ్రంగా ఉన్నరోజున దూరంగా ఆల్ప్స్ మంచుకొండలు. కాగితం మ్యాపు ఉంటే ఇక్కడ తీసి చూసుకోండి, ఊరి రూపం మనసులో నిలబడిపోతుంది.

అక్కడినుంచి ఐదారు నిమిషాలు నడిస్తే రోమన్ రంగస్థలం. అగస్టస్ కాలంలో కొండవాలుని చెక్కి మెట్లుగా కట్టింది, పదివేలమంది కూర్చునేంత. 1933లో తవ్వకాలు మొదలయ్యేదాకా ఇదంతా మట్టికింద ఉంది. టికెట్ లేదు, గేటు తెరిచి ఉంటే నేరుగా లోపలికి వెళ్లి ఆ రాతి మెట్ల మీద కూర్చోవచ్చు. వేసవిలో ఇప్పటికీ అక్కడ కచేరీలు, నాటకాలు జరుగుతాయి. పక్కనే కొండలోకి దిగి ఉండే మ్యూజియంలో క్లాడియస్ ఉపన్యాసం చెక్కిన కంచు ఫలకం ఉంది. గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) దేశపు పెద్దలకు రోమ్ సెనేట్‌లో చోటివ్వాలని క్రీ.శ. 48లో ఆయన వాదించిన మాటలవి. తాము పుట్టిన ఊరివాళ్ల కోసం గద్దెనెక్కినవాళ్లు మాట్లాడటం ఎంత పాత సంగతో చూడండి.

దిగేటప్పుడు బసిలికా పక్కనుంచి రోజేర్ తోటలోకి బాట ఉంది. గులాబీ పొదల మధ్య వంపులు తిరుగుతూ కిందికి పోతుంది, చివర పాత లియోన్ మెట్లు. మోకాళ్లు గట్టిగా ఉన్నవాళ్లకి ఇరవై నిమిషాల పని. తొందరపడకండి, బెంచీలున్నాయి.

త్రాబూల్ అంటే ఏమిటి? అవి జనం కాపురముండే ఇళ్లు కదా, లోపలికి వెళ్లొచ్చా?

అడ్డంగా దాటి నడవడం అనే అర్థమున్న లాటిన్ మాటల నుంచి వచ్చింది ఆ పేరు. ఇళ్ల లోపలినుంచి ఒక వీధికీ ఇంకో వీధికీ ఉన్న దారి. పాత లియోన్‌లో వీధులు నదికి సమాంతరంగా పొడుగ్గా సాగుతాయి, వాటిని కలిపే అడ్డవీధులు తక్కువ. నీళ్లకోసం నది దగ్గరికి పోవాలంటే చుట్టూ తిరగాల్సిందే. అందుకని ఇళ్ల మధ్యలోంచే దారులు వదిలారు. ఊరు మొత్తంమీద ఇలాంటివి వందల్లో ఉన్నాయి, బయటివాళ్లకి తెరిచినవి మాత్రం కొన్ని పదులు.

వెళ్లొచ్చు, కానీ మర్యాద ఉంది. ఆ ఇళ్లలో మనుషులు కాపురముంటున్నారు. తలుపు పగటిపూట తీసి ఉంచడానికి ఇంటివాళ్లు నగర పాలక సంస్థతో ఒప్పందం చేసుకున్నారు, బదులుగా ఊరు నిర్వహణ ఖర్చులో సాయం చేస్తుంది. మనం అక్కడ అతిథులం. గొంతు తగ్గించాలి, మెట్లెక్కి పై అంతస్తులకి పోకూడదు, కిటికీల్లోకి కెమెరా పెట్టకూడదు. మన అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ముక్కూమొహం తెలియని గుంపు రోజూ నిలబడి ఫోటోలు దిగుతుంటే మనకెలా ఉంటుంది? అదే లెక్క. ఒకసారి ఒక ముంగిల్లో నేను నిలబడి ఉండగా పెద్దావిడ ఒకరు కూరగాయల సంచీతో వచ్చారు. నేను "బోంజూర్ మదామ్" అని పక్కకి తప్పుకున్నాను. ఆవిడ సంచీ కిందపెట్టి, పైకి చూడమని వేలు చూపించి, మూడో అంతస్తు వసారా కింద రాతిలో చెక్కిన చిన్న మొహాన్ని చూపించి వెళ్లారు. అప్పటికి ఆ ముంగిట్లోకి మూడుసార్లు వెళ్లాను, ఆ మొహం నాకు కనపడలేదు.

మరి ఏ తలుపు తియ్యాలో ఎలా తెలుస్తుంది?

తెరిచి ఉన్న త్రాబూల్ పక్కన గోడమీద చిన్న ఫలకం ఉంటుంది. తలుపు మూసినట్టే కనిపిస్తుంది. పక్కన గంటల వరసలో 'సర్వీస్' అనో 'పోర్త్' అనో రాసి ఉన్న మీట నొక్కితే టక్కుమని గడియ వదులుతుంది, అప్పుడు భుజంతో తోయాలి. చెక్క బరువుగా ఉంటుంది. లోపల దీపం మీట వెలుగుతూ కనపడుతుంది, అది నొక్కితే కాసేపు వెలుతురు. గడియ వదలకపోతే మొండికెయ్యకండి, ఆ తలుపు ఆ రోజుకి మూసేశారన్నమాట. సాయంత్రమయ్యేసరికి చాలావరకు మూసేస్తారు, పొద్దున పూట వెళ్లడం మంచిది.

రెండు నంబర్లు రాసిపెట్టుకోండి. సేన్ జాన్ వీధిలో 54వ నంబరు: అక్కడ లోపలికి వెళ్తే ముంగిలి తర్వాత ముంగిలి దాటుకుంటూ బెఫ్ వీధిలో 27వ నంబరు దగ్గర తేలతారు. పాత లియోన్‌లో అన్నిటికంటే పొడుగైన త్రాబూల్ ఇది. ఇంకోటి సేన్ జాన్ వీధిలోనే 27వ నంబరు, అది త్రువా మారీ వీధిలో 6వ నంబరుకి కలుస్తుంది. బెఫ్ వీధిలో 16వ నంబరులో గులాబీ రంగు గుండ్రటి బురుజు ఉంది, లోపల మెట్లున్న బురుజు. పొద్దుటి ఎండలో ఆ రంగు చూడాలి.

1950లలో, 60లలో ఈ పేటంతా కూలిపోయే దశకి వచ్చింది. మధ్యలోంచి పెద్ద రోడ్డు వేద్దామని కూడా ఆలోచన చేశారు. ఊరివాళ్లు అడ్డుపడ్డారు. 1964లో ఫ్రాన్స్‌లోకెల్లా మొదటి రక్షిత చారిత్రక ప్రాంతంగా దీన్ని ప్రకటించారు. ఆ తలుపు నొక్కగానే తెరుచుకోవడం వెనక అంత పోరాటం ఉంది.

క్రువా రూస్ కొండకి వెళ్లడం తప్పనిసరా? గైడ్లు దాన్ని వదిలేస్తున్నారు.

నాకైతే లియోన్ అంటే అదే. ఒక్కరోజే ఉండేట్టయితే చర్చి వదిలేసి ఈ కొండకే వెళ్లమంటాను.

పదహారో శతాబ్దంలో రాజు ఫ్రాంస్వా ఒకటో, 1536లో, ఇక్కడ పట్టు నేతకి ప్రత్యేక హక్కులిచ్చాడు. అప్పటినుంచి ఈ ఊరు పట్టుకి రాజధాని. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో మగ్గం ఎత్తు పెరిగింది. పాత లియోన్ ఇళ్ల పైకప్పులు దానికి చాల్లేదు. అప్పుడు నేతగాళ్లు, వాళ్లని కాన్యూలంటారు, ఈ కొండ మీదికి మారారు. అక్కడి ఇళ్లని మగ్గం కోసమే కట్టారు: దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు పైకప్పు, వెలుతురు కోసం పొడుగాటి కిటికీలు, మగ్గం పాదాలకి ఊతంగా మందపాటి దూలాలు. మూలన చెక్క అటక, దాని మీద కుటుంబం పడక. ఇవాళ ఆ ఇళ్లకి మంచి గిరాకీ. వీధిలో నిలబడి కిటికీల ఎత్తు చూసినా ఏది నేతగాడి ఇల్లో చెప్పేయవచ్చు.

ఓతెల్ ద వీల్ స్టేషన్‌లో సి లైను మెట్రో ఎక్కితే పళ్లచక్రం పట్టుకుని నిటారుగా పైకెళ్తుంది. క్రువా రూస్‌లో దిగి, ముందు ఇవ్రీ వీధిలోని 'మెజోన్ దె కాన్యూ'కి వెళ్లండి. మగ్గం నేసి చూపిస్తారు. తర్వాత బులవార్ అనే వెడల్పాటి వీధి చివరనున్న గ్రో కాయూ అనే పెద్ద బండరాయి. హిమనదం ఆల్ప్స్ నుంచి మోసుకొచ్చి వదిలేసిన రాయి అది, కొండ కింద సొరంగం తవ్వుతుండగా 1861లో బయటపడింది. పిల్లలు ఎక్కి ఆడుకుంటుంటారు. అక్కడ నిలబడితే రోన్ వైపు లోయ కనిపిస్తుంది.

ఇక దిగడం. ప్లాస్ కోల్బేర్‌లో 9వ నంబరు తలుపు వెతకండి. అది వొరాస్ ముంగిలి. ఆరంతస్తుల మెట్లవరస గోడకి బయట, గాలిలోకి తెరుచుకుని, రాతి విసనకర్రలా మడతలు పడి ఉంటుంది. దాన్ని దాటితే అంబేర్ కొలొమెస్ వీధి. అదే వీధిలో 20వ నంబరులో దూరితే తాబ్ల్ క్లోదియెన్ వీధిలో 55వ నంబరు దగ్గర దిగుతారు. ఆ పక్కనే క్రీ.శ. 19 నాటి రోమన్ ఆంఫీథియేటర్ శిథిలాలు. 177లో బ్లాందీన్ అనే బానిస పిల్లని, ఇంకా కొందరు క్రైస్తవుల్ని చంపింది ఆ మట్టి మీదే. అక్కడినుంచి కాస్త దిగితే తియాఫే సందు, ఆ తర్వాత తెర్రో కూడలి. వాన పడుతున్నా తడవకుండా పట్టు చుట్టలు వర్తకుల దగ్గరికి మోసుకెళ్లిన దారులివేనని ఊళ్లో చెప్పుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల కళ్లుగప్పడానికి ప్రతిఘటన దళాలకి పనికొచ్చినవీ ఇవే.

జకార్డు మగ్గం ఇక్కడిదేనంటారు, నిజమేనా?

నిజమే. జోసెఫ్ మరీ జకార్డ్ 1752లో ఈ ఊళ్లోనే పుట్టాడు. ఆయన యంత్రం 1804 నాటిది. అంతకుముందు లియోన్‌లోనే బూషోన్, ఫాల్కన్ లాంటివాళ్లు చిల్లుల కాగితంతో, అట్టలతో ప్రయత్నాలు చేశారు, ఆయన వాటిని పనికొచ్చే రూపానికి తెచ్చాడు.

మా మేనమామ ధర్మవరంలో మగ్గం నేసేవాడు. సెలవులకి వెళ్తే గుంట మగ్గం పక్కన కూర్చుని పైకి చూస్తూ ఉండేవాణ్ణి. దూలానికి బిగించిన పెట్టె, దానిమీంచి దండలా వేలాడే చిల్లుల అట్టలు. మామయ్య పావుకోడు తొక్కినప్పుడల్లా అట్ట ఒకటి టపుక్కున తిరిగేది, చీర అంచులో హంస కాస్త పెరిగేది. "జకార్డు" అని దాని పేరు. అది ఒక మనిషి ఇంటిపేరని నాకు తెలీదు. ఇవ్రీ వీధిలో మగ్గం నడిపించి చూపించే ఆమె కాలితో తొక్కగానే ఆ టపుక్కు నాకు వినపడింది. అదే చప్పుడు.

అది పనిచేసే తీరు ఆమె అట్ట చేతికిచ్చి చూపించింది. ప్రతి అట్టా ఒక్క పేక పోగుకి (అడ్డంగా వేసే దారానికి) సంబంధించింది. అట్ట వెళ్లి సూదుల వరసకి ఒత్తుకుంటుంది. చిల్లున్న చోట సూది దూరిపోతుంది, దాని కొక్కెం నిలబడే ఉంటుంది, కత్తి దాన్ని పైకెత్తుతుంది, ఆ పడుగు పోగు (నిలువు దారం) లేస్తుంది. చిల్లు లేని చోట అట్ట సూదిని వెనక్కి తోస్తుంది, కొక్కెం కత్తికి అందదు, పోగు కిందే ఉండిపోతుంది. లేచిన పోగుల కిందినుంచి పేక దారం మోసే నాడె పరుగెత్తుతుంది. అంతే కిటుకు. అంతకుముందు ఈ పోగుల్ని తాళ్లతో లాగడానికి మగ్గానికి పక్కన ఇంకో మనిషో, పిల్లవాడో ఉండాల్సి వచ్చేది. జకార్డ్ మొహాన్నే పట్టు మీద నేసిన బొమ్మ ఒకటుంది, దానికి సుమారు 24,000 అట్టలు పట్టాయి. చార్లెస్ బాబేజ్ దాన్ని సంపాదించి దగ్గర పెట్టుకున్నాడు, తన లెక్కల యంత్రానికి అట్టల ఆలోచన తీసుకున్నాడు.

ఇంకో పోలిక కూడా చెప్పాలి. లియోన్ కాన్యూ మగ్గం సొంతదే, పట్టు మాత్రం వర్తకుడిది. డిజైను వర్తకుడు ఇస్తాడు, నేసినదానికి మజూరీ ఇస్తాడు. మన ఊళ్లలో మాస్టర్ వీవర్ దగ్గర మజూరీకి నేసే పద్ధతే. 1831 నవంబరులో మజూరీకి కనీస రేటు ఒప్పుకుని వర్తకులు మాట తప్పితే కాన్యూలు కొండ దిగారు. నల్లజెండా మీద "పనిచేస్తూ బతుకుతాం, లేదా పోరాడుతూ చస్తాం" అని రాసుకున్నారు. కొద్దిరోజులు ఊరంతా వాళ్ల చేతుల్లో ఉంది. 1834లో మళ్లీ తిరగబడితే సైన్యం నెత్తురు పారించింది. ప్లాస్ కోల్బేర్ మెట్ల మీద దిగేటప్పుడు ఈ కథ మనసులో ఉంచుకోండి. నేతగాళ్ల ఇంట పుట్టిన తెలుగువాళ్లెవరైనా అక్కడ కాసేపు నిలబడకుండా ముందుకి కదల్లేరు.

నదుల వెంట నడవాలంటే ఏ ఒడ్డు బాగుంటుంది?

మనకి గోదావరి, కృష్ణ, పెన్న అన్నీ తల్లులే. లియోన్‌వాళ్లకి సోన్ ఆడది, రోన్ మగవాడు, భాషలోనే అలా ఉంది. చూస్తే ఒప్పుకుంటారు. సోన్ నెమ్మదిగా, ఆకుపచ్చగా, ఇళ్ల నీడలు మోసుకుంటూ పోతుంది. రోన్ జెనీవా సరస్సు నుంచి వచ్చేవాడు, చల్లగా, వడిగా, వెడల్పుగా.

పొద్దున పూట సోన్. సేన్ ఆంత్వాన్ గట్టు మీద కూరగాయలు, చీజు, పళ్ల సంత జరుగుతుంది, సోమవారం తప్ప. అక్కడ పళ్లు కొనుక్కుని కాలి వంతెన మీదికి వెళ్తే ఎదురుగా పాత లియోన్ ఇళ్లు పసుపు, కావి, గులాబీ రంగుల్లో. సాయంత్రం రోన్ ఎడమ గట్టు. ఒకప్పుడు కార్లు నిలిపే చోటది. 2007లో కార్లు తీసేసి ఐదు కిలోమీటర్ల పొడుగునా నడకకి, సైకిళ్లకి తెరిచారు. ఎండాకాలం రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది, ఊరంతా ఆ మెట్ల మీదే కూర్చుంటుంది. ఉత్తరానికి నడిస్తే తెత్ దోర్ పార్కు, 117 హెక్టార్లు, లోపల చెరువు, ఉచితంగా చూడదగ్గ జంతుశాల. పిల్లలుంటే ఒక పూట దానికే పోతుంది.

సంగమం దాకా నడవాలంటే బెల్కూర్ కూడలి నుంచి దక్షిణంగా సుమారు మూడు కిలోమీటర్లు. మధ్యలో పెరాష్ స్టేషన్ చుట్టుపక్కల దారి బాగుండదు, ఆ ముక్క ట్రామ్‌లో దాటినా నష్టం లేదు. 2014లో తెరిచిన గాజు, ఉక్కు మ్యూజియం దాటితే నేల సన్నబడి ఓడ ముక్కులా నీళ్లలోకి దిగుతుంది. కుడివైపు ఒక రంగు నీళ్లు, ఎడమవైపు ఇంకో రంగు, కాస్త దూరం కలవకుండా పక్కపక్కనే పోతాయి. మనవాళ్లయితే అక్కడ ఘాటు కట్టి, దీపాలు వదిలి ఉండేవాళ్లు. అక్కడ సరుకు రైలు పట్టాల ముక్క నీళ్లలోకి దిగి ఆగిపోతుంది. నాకు ఆ చోటు అలా ఖాళీగా ఉండటమే నచ్చింది.

శాకాహారులం. తిండి దొరుకుతుందా?

ఊరి సంప్రదాయ భోజనశాలల్ని బూషోన్లు అంటారు, వాటిలో పంది, పేగులు, కాలేయం ఎక్కువ. పేరులో సలాడ్ అని ఉన్నా 'లియోన్ సలాడ్'లో పంది మాంసం ముక్కలుంటాయి, అడిగి తెలుసుకోండి. మెత్తటి కెనెల్ అనేది చాలాచోట్ల చేపతో చేస్తారు. మీకు పనికొచ్చేది 'సెర్వెల్ ద కాన్యూ'. నేతగాడి మెదడు అని ఆ మాటకి అర్థం, వస్తువు మాత్రం పెరుగు లాంటి తాజా చీజులో వెల్లుల్లి, పచ్చి ఉల్లికాడ, కొత్తిమీర లాంటి ఆకులు కలిపింది. రొట్టెతో తింటారు, మనకి పెరుగుపచ్చడి గుర్తొస్తుంది. చీజు గట్టిపరచడానికి వాడే పదార్థం విషయంలో పట్టింపు ఉన్నవాళ్లు పళ్లు, రొట్టె, కూరగాయల మీద ఆధారపడటం మేలు. గులాబీ రంగు పంచదార బాదంతో చేసే ప్రలీన్ టార్ట్ వదలకండి, గుడ్డు తింటేనే సుమా.

మాంసం తినేవాళ్లకి బూషోన్ ఒక పూట తప్పనిసరి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకే వంట. మూడింటికి వెళ్తే ఏమీ దొరకదు. నీళ్ల సీసా కొనక్కర్లేదు, "కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్లు జగ్గులో ఉచితంగా ఇస్తారు.

అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులు. వాళ్లతో ఎలా?

ప్రెస్కిల్, రెండు గట్లు, పాత లియోన్ పెద్ద వీధులు చదునే. కొండలకి రైలుంది. కొండ ఎక్కే మెట్లదారులు, వాటిని మోంతేలంటారు, మాత్రం వాళ్లతో వద్దు, ఒక్కోదానికి వందల మెట్లుంటాయి. త్రాబూల్ నడవల్లో గడపలు, ఎగుడు రాళ్లు ఉంటాయి, చెయ్యి పట్టుకుని నడిపించండి. రాతి పలకల మీద పల్చటి చెప్పులు పనికిరావు, నాన్నగారికైనా అమ్మకైనా మందపాటి అట్టతో షూ కొనిపించండి. చీర కట్టుకునే అమ్మలు షూ అంటే ఒప్పుకోరు, ముందే నచ్చజెప్పండి.

ఎప్పుడు వెళ్లడం మంచిది?

ఏప్రిల్ చివరినుంచి జూన్, మళ్లీ సెప్టెంబరు. జూలై, ఆగస్టుల్లో మన ఎండలే. చాలా కొట్లు ఆగస్టులో సెలవు.

డిసెంబరు 8 చుట్టూ దీపాల పండగ. 1852లో ఫుర్వియేర్ మీద మేరీమాత బంగారు విగ్రహం ఆవిష్కరణ సెప్టెంబరులో జరగాల్సింది, సోన్ పొంగి శిల్పి పనిశాలలోకి నీళ్లొచ్చాయి, డిసెంబరు 8కి మార్చారు. ఆ రోజు గాలివాన పట్టుకుంది. సాయంత్రానికి మబ్బు విడింది. ఎవరూ చెప్పకుండానే జనం కిటికీల్లో కొవ్వొత్తులు పెట్టారు. ఇప్పటికీ పెడతారు, గాజు గిన్నెల్లో. కార్తీక పౌర్ణమి చూసినవాళ్లకి ఆ కిటికీలు పరాయిగా అనిపించవు. పెద్ద కూడళ్లలో లేజరు దీపాల ప్రదర్శనలకి లక్షలమంది వస్తారు, గదులు దొరకవు. నా మాట వింటే ఆ గుంపులు వదిలి క్రువా రూస్ సందుల్లో నడవండి, అక్కడ కొవ్వొత్తులే ఉంటాయి.

ఫ్రెంచి రాదు. ఇబ్బందా?

కొట్లోకి వెళ్లగానే "బోంజూర్" అనండి. అది చెప్పకుండా నేరుగా ధర అడిగితే అమర్యాద. చెబితే మిగతాది ఇంగ్లిషులో, చేతులతో, నవ్వుతో గడిచిపోతుంది. వచ్చేటప్పుడు "మెర్సీ, ఓ రెవ్వార్".

జేబుదొంగలు? రాత్రి తిరగొచ్చా?

ఏ పెద్ద ఊరికీ ఉన్నంతే. మెట్రోలో, స్టేషన్లలో సంచీ ముందుకి తిప్పుకోండి, ఫోను టేబుల్ మీద వదలకండి. పాత లియోన్, ప్రెస్కిల్ రాత్రిపూట మనుషులతో కళకళలాడుతుంటాయి.

జ్ఞాపకంగా ఏం కొనాలి?

పట్టు స్కార్ఫ్. అయితే సేన్ జాన్ వీధి పర్యాటకుల కొట్లలో వేలాడేవన్నీ లియోన్‌లో తయారైనవి కావు. ఎక్కడ నేశారు, ఎక్కడ అచ్చువేశారు అని అడగండి. క్రువా రూస్‌లో పనిశాలలకి అనుబంధంగా ఉన్న చిన్న కొట్లలో అయితే జవాబు చెప్పే మనిషే ఎదురుగా ఉంటాడు. ధర ఎక్కువే. మనింట్లో పట్టుచీర ఎలా చూస్తామో అలాగే చూడండి: అంచు తిరగేసి వెనక పోగులు చూడండి, గుప్పిట్లో నలిపి వదలండి.

మాకు ఒక్క సాయంత్రమే ఉంది, రైలు రాత్రికి. ఎటు నడవమంటారు?

నాలుగింటికి క్రువా రూస్ మెట్రోలో దిగండి. గ్రో కాయూ, ప్లాస్ కోల్బేర్, వొరాస్ ముంగిలి, తియాఫే సందు, ఇలా దిగి తెర్రో కూడలికి రండి. అక్కడ బార్తోల్డి చేసిన నాలుగు గుర్రాల ఫౌంటెన్ ఉంది, న్యూయార్క్‌లో స్వేచ్ఛా విగ్రహం చేసినాయనే. మొదట బోర్దో ఊరికోసం అనుకున్నది చివరికి 1892లో ఇక్కడికి చేరింది. పక్కనే పాత సన్యాసినుల మఠం, ఇప్పుడు చిత్రశాల. దాని తోటలోకి టికెట్ లేదు, మూసే వేళ కాకపోతే చెట్ల కింద పది నిమిషాలు కూర్చోండి. తర్వాత సోన్ దాటి పాత లియోన్‌లో 54వ నంబరు తలుపు ప్రయత్నించండి. తెరుచుకుంటే అదృష్టం. లేకపోయినా వీధి చివర సేన్ జాన్ చర్చి ముంగిట కూర్చుంటే పైన కొండ మీద బసిలికా దీపాలు వెలుగుతుంటాయి. రైలుకి గంట ముందు డి లైను మెట్రో ఎక్కి సాక్స్ గాంబెత్తాలో బి లైనుకి మారండి, పార్ దియూ రెండో స్టేషన్.